థైరాయిడు గ్రంథి - వంటింటి ఉప్పు



గోదావరికి ఉత్తరపు గట్టున, మంచిర్యాలకు చేరువలో, బొగ్గుగనుల నడుమ పెరిగిన ఊరు శ్రీరాంపూర్. సింగరేణి కార్మికుల క్వార్టర్లు వరుసలు తీరిన ఆ ఊరిలో తెల్లవారుట షిఫ్టునుబట్టి జరుగును. మొదటి షిఫ్టునకు పోవువారి ఇంట చీకటి ఉండగనే పొయ్యి వెలుగును. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవారు లోకమంతయు పనిలోనికి దిగిన వేళ పక్క పరచుకొందురు.

రెండు మూడు సంవత్సరముల క్రిందట, వేసవిలో, ఆ ఊరిలోని బంధువుల ఇంటికి పోయి ఉంటిని. ప్రక్కయింటి పెద్దమ్మ, నేను వైద్యుడనని ఎరిగి, తన కోడలిని వెంటబెట్టుకొని వచ్చినది. కోడలికి నాలుగు సంవత్సరములనుండి థైరాయిడు లోపము. ఇప్పుడు మూడవ నెల. ముఖము ఉబ్బి, మాట మందగించి, కూర్చున్నచోటనే కునికిపాట్లు పడుచున్నది. మాత్ర వేసుకొనుచున్నావా అని అడిగితిని. కోడలు అత్తగారివైపు చూచినది. ఆమెయే బదులు చెప్పినది:

"కడుపుతోని ఉన్న పిల్లకు గోలీలెందుకు సారూ? గోబీ బంద్ చేసినం. సైంధవ ఉప్పు తెచ్చినం. పొద్దుగాల పొడి తాగిస్తున్నం. ఇంక తక్కువేమున్నది?"

ఆ పెద్దమ్మ మాటలో కోడలిపై ప్రేమ నిండుగా ఉన్నది. ఆ ఇంటివారు పథ్యమునకు గాని, ఖర్చునకు గాని వెనుదీయలేదు. అయినను వారు చేసిన మూడు పనులలో ఒకటి అనవసరము, ఒకటి నష్టకరము, ఒకటి ప్రమాదకరము. చేయవలసిన పని ఒక్కటి మాత్రము మానివేసినారు. "తక్కువైనది ఆ గోలీయే, అమ్మా" అని చెప్పి, ఆ పూటనే ఆసుపత్రికి పంపితిని.

ఈ పొరపాటు ఆ ఒక్క ఇంటిది కాదు. థైరాయిడు అనగానే "ఏమి తినవలెను, ఏమి తినకూడదు" అను ప్రశ్న ప్రతియింట వినబడుచున్నది. ఆహారము చేయగల పని ఎంత, మందు చేయవలసిన పని ఎంత అను హద్దు తెలిసినచో ఆ ప్రశ్న చాలవరకు తనంతట తానే తీరును. ఆ హద్దును గుర్తించుటయే నేటి ప్రసంగమునకు విషయము.

మన గొంతు ముందుభాగమున, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారములో ఒక చిన్న గ్రంథి కలదు. దాని బరువు ఇంచుమించు 15 నుండి 20 గ్రాములు. శరీరములోని ప్రతి కణము ఎంత వేగముతో పనిచేయవలెనో నిర్ణయించు రసమును ఈ గ్రంథి తయారుచేయును. దానినే థైరాక్సిన్ అందురు. థైరాక్సిన్ అణువు ఒక్కొక్కదానికి నాలుగేసి అయొడిన్ పరమాణువులు కావలెను. ఇటుక లేక గోడ లేనట్లు, అయొడిన్ లేక థైరాక్సిన్ లేదు.

పెద్దవారికి రోజుకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును 250 మైక్రోగ్రాములు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. ఒక మనుష్యునికి జీవితకాలమంతటికి కావలసిన అయొడిన్ ను ఒకచోట పోసినను ఒక చిన్న చెంచా నిండదు. కాని దానిని ఒక్కసారిగా తిని దాచుకొన వీలు లేదు. దినదినము కొద్దికొద్దిగా అందుచుండవలెను.

అది చాలనప్పుడు గ్రంథి ఊరకుండదు. ఉన్న కొద్దిపాటి అయొడిన్ నైనను పట్టుకొనవలెనని తాను పెరుగును. గొంతు ముందు కాయవలె ఉబ్బును. దీనినే గళగండమనియు, ఇంగ్లీషు వైద్యులు గాయిటరు అనియు అందురు. అయొడిన్ కు పుట్టినిల్లు సముద్రము. సముద్రమునకు దూరముగా, వానలు నేలను తరతరములుగా కడిగివేసిన కొండప్రాంతములలో మట్టియందును, నీటియందును, పండిన పంటయందును అది స్వల్పము. అందుచేతనే పాత ఆదిలాబాదు జిల్లా గాయిటరు అధికముగా కనబడు జిల్లాలలో ఒకటిగా లెక్కకు వచ్చినది. అడవి పల్లెలలోని గిరిజనులు ఈ బాధకు ఎక్కువగా గురియైనారు.

ఈ వ్యాధి చరిత్రలో మన తెలుగువారికి గర్వకారణమైన ఘట్టము ఒకటి ఉన్నది. 1921లో శ్రీకాకుళములో జన్మించి, విశాఖపట్నము ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి హిమాలయ పాదమునందలి కాంగ్రా లోయలో ఒక గొప్ప పరిశీలన నడిపించినారు. ఆ లోయను మూడు భాగములుగా విభజించి, 1956 నుండి రెండు భాగములవారికి అయొడిన్ కలిపిన ఉప్పును, ఒక భాగమువారికి మామూలు ఉప్పును సరఫరా చేయించినారు. కొన్ని సంవత్సరములు గడచునప్పటికి అయొడిన్ ఉప్పు తిన్న రెండు భాగములలోను పిల్లల గొంతువాపు ఇంచుమించు సగమునకు దిగినది. మామూలు ఉప్పు తిన్న భాగములో తగ్గలేదు. అటుపిమ్మట ఆ మూడవ భాగమునకును అయొడిన్ ఉప్పునే అందించినారు. 1962లో భారత ప్రభుత్వము జాతీయ గాయిటరు నివారణ పథకమును ప్రారంభించినది. రామలింగస్వామి తరువాతి కాలమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగను, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగను పనిచేసినారు.

మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకును గాయిటరుతో పాత చుట్టరికము కలదు. ఆ సంస్థకు మూలమైన పరిశోధనశాలను 1918లో కూనూరులో స్థాపించిన రాబర్ట్ మెకారిసన్, అంతకు పూర్వము గిల్గిత్ కొండలలో ఈ గొంతువాపు మీదనే పరిశోధన చేసినవాడు. 1958లో ఆ పరిశోధనశాల హైదరాబాదునకు తరలివచ్చినది. అయొడిన్ తోబాటు ఇనుమును కూడ కలిపిన ఉప్పును రూపొందించిన ఘనత ఈ సంస్థదే.

ఇక మన వంటింటికి వత్తము. తినుటకు అమ్ము ఉప్పులో అయొడిన్ తప్పక ఉండవలెనను నిబంధన 2006 నుండి దేశమంతట అమలులో ఉన్నది. వినియోగదారుని చేతికి వచ్చునప్పటికి కిలో ఉప్పునందు 15 మిల్లీగ్రాములకు తగ్గకుండ అయొడిన్ ఉండవలెను. ఇంతటి ఏర్పాటును మనము తెలియక వంటింటిలోనే పాడుచేసికొనుచున్నాము. దొడ్డుప్పు చవుకయని సంచితో తెచ్చి, మురికి పోవలెనని నీళ్లతో కడుగుదుము. అందులో ఏ కొంచెము అయొడిన్ ఉన్నను ఆ నీళ్లతోనే పోవును. ఉప్పు డబ్బాను మూతలేకుండ పొయ్యి ప్రక్కన ఉంచుదుము. వేడికిని, తేమకును అయొడిన్ తగ్గిపోవును. "అయొడిన్ కలిపినది" అని అచ్చువేసిన పొట్లము కొని, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరముగా ఉంచి, కూర దింపబోవునప్పుడు ఉప్పు వేయుట మేలు. అనుమానమున్నచో మీ ఊరి ఆశా కార్యకర్తను అడుగుడు. ఉప్పును పరీక్షించు చుక్కలమందు వారియొద్ద ఉండును. అయొడిన్ ఉన్న ఉప్పు దానితో నీలిరంగు తిరుగును.

సైంధవ లవణము మాట ఏమని అడుగవచ్చును. అది గనులలో దొరకు ఉప్పు. సహజముగా దానిలో ఉండు అయొడిన్ లెక్కకు రాదు. ప్రత్యేకముగా కలిపినట్లు పొట్లము మీద వ్రాసి ఉన్నప్పుడు తప్ప, దానిని నిత్యవంటకు వాడు ఇంటిలో గర్భిణికిని, పిల్లలకును అయొడిన్ కరవగును. పెద్దమ్మ చేసిన నష్టకరమైన పని ఇదియే. అట్లని ఉప్పును ఎక్కువ తినుమని నేను చెప్పుట లేదు. రక్తపోటు దృష్ట్యా పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు లోపల ఉప్పు చాలును. తినునది తక్కువయైనను అది అయొడిన్ ఉప్పు కావలెను. మిగిలిన అయొడిన్ పాలవలనను, గ్రుడ్లవలనను, చేపలవలనను లభించును. సముద్రపు చేపలలో అది ఎక్కువ. మన చెరువుల కొర్రమీనులో తక్కువయే, కాని మాంసకృత్తులకు అది మంచి ఆహారము.

ఇంతవరకు చెప్పినది ఉప్పు చేయు పని. గ్రంథి బాగుగ ఉండి, దానికి అయొడిన్ చాలనప్పుడు ఉప్పు దానిని కాపాడును. కాని ఈనాడు పట్టణములలోను, కాలనీలలోను మనము చూచు థైరాయిడు లోపము చాలమట్టుకు వేరు జాతిది. శరీరములోని రక్షకదళమే దారితప్పి తన గ్రంథిని తానే దెబ్బతీయును. 1912లో హషిమోతో అను జపాను వైద్యుడు దీనిని మొదట వర్ణించినందున వ్యాధికి ఆయన పేరే నిలిచినది. మగవారికంటె ఆడవారిలో ఇది చాల ఎక్కువ. నీరసము, చలి తాళలేమి, మలబద్ధకము, చర్మము పొడిబారుట, జుట్టు రాలుట, నెలసరి తప్పుట దీని లక్షణములు. ఇచ్చట కొరవడినది అయొడిన్ కాదు. మగ్గమే విరిగినప్పుడు నూలు ఎంత తెచ్చి పోసినను బట్ట రాదు. గ్రంథి చేయలేని థైరాక్సిన్ ను బయటినుండి అందించుటయే చికిత్స. ఉదయము వేసుకొను లీవోథైరాక్సిన్ మాత్ర ఆ లోటును పూరించును. ఏ కషాయమును, ఏ పొడియును, ఏ పథ్యమును దాని స్థానమును ఆక్రమింపజాలవు.

ఆ మాత్ర వేసుకొనుటలో కొన్ని మెలకువలు కలవు. అది ఖాళీ కడుపుతో, మంచినీళ్లతో వేసుకొనవలెను. తరువాత అరగంట మొదలు గంటవరకు చాయ గాని, కాఫీ గాని, ఫలహారము గాని పుచ్చుకొనరాదు. మాత్రనోట వేసుకొని వెంటనే చాయ త్రాగినచో మందులో కొంతభాగము ఒంటబట్టదు. రాత్రి షిఫ్టులో పనిచేయువారు "మాకు ఉదయమే నిద్రవేళ, ఎట్లు?" అని అడుగుదురు. గడియారముకంటె కడుపు ఖాళీగా ఉండుట ముఖ్యము. నిద్రలేచిన వెంటనే వేసుకొనవచ్చును. లేదా భోజనము చేసిన మూడు గంటల పిమ్మట, పడుకొనబోవు ముందు వేసుకొనవచ్చును. ఏది మీకు కుదురునో వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకొని, దానినే విడువక పాటింపుడు. నేడొక విధముగ, రేపొక విధముగ వేసుకొన్నచో రక్తపరీక్ష ఫలితము కుదురుగా రాదు. మోతాదు మార్చిన ఆరు మొదలు ఎనిమిది వారములకు టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించుకొనుట ఆచారము.

ఇనుపధాతువు మాత్రలు, కాల్షియం మాత్రలు, కడుపులో మంటకు త్రాగు మందులు థైరాయిడు మాత్రను పేగులలోనే పట్టి ఉంచును. వీనికిని దానికిని నాలుగు గంటల ఎడము ఉండవలెను. గర్భిణులకు ఆరోగ్యకేంద్రములో ఇనుము, కాల్షియం మాత్రలు రెండును ఇత్తురు. మూడింటిని ఒక్క గుక్కలో మ్రింగి, పని అయిపోయినదనుకొను అమ్మాయిలు ఎందరో. థైరాయిడు మాత్ర తెల్లవారుజామున, తక్కినవి మధ్యాహ్నము, రాత్రి భోజనముల తరువాత అని గోడమీది క్యాలెండరుపై వ్రాసిపెట్టుకొనుట మంచిది.

మరియొక సంగతి. బొగ్గుగనుల సీమలో ఎండ 45 డిగ్రీలు దాటు దినములు ఉండును. ఈ మాత్ర వేడికిని, వెలుగునకును, తేమకును చెడును. కిటికీ గూటిలోను, పొయ్యిపై అరలోను, మోటారు సైకిలు డబ్బాలోను దానిని ఉంచరాదు. ఇంటిలో మిక్కిలి చల్లనైన గది అలమారలో, కొన్న డబ్బాలోనే ఉంచుడు. మందు వాడుచున్నను వేసవిలో లక్షణములు తిరిగి వచ్చినచో, మాత్ర ఎచ్చట ఉంచినారో ఒకసారి చూచుకొనుడు.

ఇక తినకూడని పదార్థముల పట్టిక. గోబీ, పూలగోబీ, ముల్లంగి, ఆవాలు మున్నగువానిలో గ్రంథికి అయొడిన్ చేరకుండ అడ్డుపడు పదార్థములు కొన్ని ఉన్నమాట నిజమే. కాని ఉడికించినప్పుడు వాని బలము చాలవరకు తగ్గును. అయొడిన్ ఉప్పు తినువారు వారమునకు రెండుసార్లు గోబీ కూర తిన్నంత మాత్రమున బాధలేదు. పచ్చి ఆకుల రసమును లోటాలకొలది త్రాగుట మాత్రము మానవలెను. సజ్జలను గురించియు ఇదే మాట. సజ్జరొట్టె తప్పు కాదు. అయొడిన్ లేని ఊరిలో మూడు పూటల సజ్జలే తినువారికి అది హాని చేయును. సోయా మన పాత ఆదిలాబాదు నల్లరేగడిలో విరివిగా పండు పంట. మీల్ మేకరు కూర తినవచ్చును, కాని మాత్ర వేసుకొన్న వెంటనే కాదు. తినువారు ఒకే తీరున తినుచుండవలెను. ఒక నెల నిత్యము తిని, మరుసటి నెల మానివేసినచో మందు మోతాదు కుదురుకొనదు.

మరి ఏమి తినవలెను? జొన్నరొట్టె, పప్పు, పుంటికూర, తోటకూర, పెరుగు, గ్రుడ్డు, చేప, ఋతువునకు తగిన పండ్లు. ఇంటిల్లిపాదికి మంచిదైన భోజనమే థైరాయిడు రోగికిని మంచిది. మలబద్ధకమునకు కూరలు, నీరు, నడక ఉపకరించును. రక్తహీనత ఉన్నచో దానికి చికిత్స చేయించుకొనవలెను, ఏలయనగా ఇనుము లేనిచో గ్రంథియు సరిగా పనిచేయజాలదు. బరువు విషయమున భ్రమ కూడదు. థైరాయిడు లోపమువలన పెరుగు బరువు సాధారణముగా కొద్ది కిలోలు, అందును చాలభాగము ఒంటిలో నిలిచిన నీరు. మిగిలిన బరువునకు జవాబు పళ్లెములోను, నడకలోను వెదకవలెను.

ఇక సీసాలలోను, పొట్లములలోను అమ్ము బలవర్ధకములను గురించి చెప్పి ముగింతును. సముద్రపు నాచు మాత్రలు, అయొడిన్ చుక్కలు థైరాయిడు రోగులకు మేలు చేయునని అమ్మువారు కలరు. హషిమోతో వ్యాధి ఉన్నవారికి అయొడిన్ మితిమీరినచో గ్రంథి మరింత మందగించును. మరికొందరిలో అది పట్టుతప్పి అతిగా పనిచేయును. సెలీనియం గ్రంథికి కావలసిన ఖనిజమే. రోజుకు కావలసినది సుమారు 55 మైక్రోగ్రాములు. అది మితిమీరినచో జుట్టు రాలును, గోళ్లు పెళుసెక్కును. వైద్యుడు చెప్పనిదే దానిని వాడరాదు. జుట్టు కొరకు వాడు బయొటిన్ మాత్రలు గ్రంథికి హాని చేయవు గాని, పెక్కు యంత్రములలో రక్తపరీక్షను తప్పుదారి పట్టించును. లోపమున్నవారికి లోపము లేనట్లు, అతిగా ఉన్నట్లు చూపును. పరీక్షకు కనీసము రెండు దినములు ముందుగా దానిని మాని, ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. "థైరాయిడు పొడి" అను పేర వచ్చువానిలో ఏమున్నదో తెలియదు. అమెరికాలో అమ్ముడగు ఇట్టి మందులు కొన్నింటిని పరీక్షింపగా వానిలో థైరాయిడు హార్మోనే బయటపడినది. తెలియని మోతాదులో హార్మోను గుండెకు ప్రమాదము. పెద్దమ్మ పొడిని ప్రమాదకరమని నేననుటకు కారణమిదియే.

థైరాయిడు అతిగా పనిచేయువారి సంగతి వేరు. గుండెదడ, చేతుల వణకు, చెమటలు, తిన్నను చిక్కిపోవుట వారి లక్షణములు. వారు అయొడిన్ మందులకును, నాచు మాత్రలకును దూరముగా ఉండవలెను. ఎముకలు పలుచబడకుండ పాలు, పెరుగు, రాగులు తినవలెను. బీడీ, సిగరెట్టు త్రాగువారిలో ఈ జబ్బు కన్నులకు ప్రాకు అవకాశము హెచ్చు. గనిలో పనిచేయువారు ఈ మాటను గుర్తుంచుకొందురు గాక.

అన్నింటికంటె ముఖ్యమైనది గర్భిణుల మాట. మొదటి మూడు నెలలు కడుపులోని బిడ్డ తల్లి థైరాక్సిన్ మీదనే ఆధారపడును. బిడ్డ మెదడు రూపుదిద్దుకొను కాలమది. ఆ సమయమున మాత్ర మానుట తగదు. పైగా సాధారణముగా మోతాదు పెంచవలసియుండును. గర్భమని తెలిసిన దినముననే వైద్యునికి చెప్పవలెను. పుట్టిన బిడ్డకు మడమనుండి రక్తపుచుక్క తీసి చేయు పరీక్షను అడిగి చేయించుకొనుడు. లోపముతో పుట్టిన శిశువునకు మొదటి రెండు వారములలో మందు మొదలిడినచో బుద్ధి వికాసమునకు లోటు రాదు. ఆలస్యమైనచో పోయినది తిరిగి రాదు.

ఆ పెద్దమ్మ కోడలు ఆనాడే పరీక్ష చేయించుకొని, వైద్యుడు చెప్పిన మోతాదులో మాత్ర మరల మొదలుపెట్టినది. బిడ్డ పుట్టినది. పరీక్షలో లోపమేమియు లేదని తేలినది. ఇటీవల మరల ఆ ఇంటికి పోయినప్పుడు, ఆ చిన్నది వాకిట నిలిచి, వచ్చీరాని మాటలతో నన్ను లోనికి పిలిచినది. వంటింటిలో అయొడిన్ ఉప్పు డబ్బా మూతతో ఉన్నది. పడకగది అలమారలో మాత్రల డబ్బా ఉన్నది. "గోబీ తింటున్నం సారూ" అని పెద్దమ్మ నవ్వినది.

ఉప్పు ఇంటిల్లిపాదికి. మాత్ర గ్రంథి చెడినవారికి. ఒకదాని పని మరియొకటి చేయదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొందురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.